పాత కారు కింద తుప్పు పట్టిన పెట్రోలు పైపును ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవాలి

కారు ఆపి దిగగానే పెట్రోలు వాసన వస్తోంది, మెకానిక్ చిల్లుపడిన చోట కోసి రబ్బరు ముక్క వేసి పంపించాడు, రెండు నెలలకే మళ్ళీ వాసన మొదలైంది, ఆ పైపు మొత్తాన్ని మేమే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా అనే ప్రశ్న అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు నుంచి వర్షాలు తగ్గాక ఏటా వస్తూనే ఉంది. మార్చుకోవచ్చు. స్పానర్ పట్టడం అలవాటున్న మనిషికి, తోడుగా ఇంకొకరు ఉంటే, తొందరపడకుండా చేసుకుంటే రెండు రోజుల పని.

అయితే ఇక్కడ చెప్పే పద్ధతి కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు కార్లకు, అంటే తొలినాళ్ళ మారుతి 800, పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి వాటికి మాత్రమే వర్తిస్తుంది. వాటి పైపుల్లో ఒత్తిడి చాలా తక్కువ. ఎంపీఎఫ్ఐ బండ్లలో, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే తరవాతి రకంలో, పంపు ట్యాంకులోనే ఉంటుంది. అక్కడి నుంచి ఇంజిన్ దాకా పైపులో సుమారు 3 బార్ల ఒత్తిడి నిలబడి ఉంటుంది కాబట్టి సూదిమొనంత చిల్లు పడినా పెట్రోలు పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. అటువంటి బండికి ఆ మోడలుకే తయారైన పైపును తెప్పించి షెడ్డులో వేయించుకోవడమే మంచిది.

పైపు ఎక్కడ పోయిందో ముందు తేల్చుకోండి

మన వైపు ఈ పైపులు ఎందుకు పోతాయో పెద్దగా వెతకనక్కరలేదు. సముద్రపు గాలిలోని ఉప్పు, రొయ్యల చెరువుల నీళ్ళు కార్చుకుంటూ పోయే లారీల వెనక ప్రయాణం, కాలువ గట్ల మీద ఎగజిమ్మిన ఒండ్రు బురద క్లిప్పుల సందుల్లో ఇరుక్కుని వారాల తరబడి తడి ఆరకపోవడం, ఇవన్నీ కలిసి పైపును పైనుంచి తింటాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, కారు కొబ్బరాకు పందిరి కింద నెలల తరబడి కదలకుండా నిలబడే ఇళ్ళు కోనసీమలో తక్కువేమీ లేవు. ట్యాంకు అడుగున నీరు చేరిన అటువంటి బండిలో పైపును తుప్పు లోపలి నుంచి కూడా తింటుంది. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలులోని ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణమూ, పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరిచే గుణమూ రెండూ ఉన్నాయి. కాబట్టి లోహపు పైపు ఒక్కటి మార్చి పాత రబ్బరు హోసులను అలాగే ఉంచితే పని సగమే అయినట్టు.

కింద చుక్క కనబడలేదని పైపు బాగుందనుకోకండి. కార్బురేటర్ బండిలో పంపు ఇంజిన్ పక్కన ఉంటుంది. అది ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. అంటే బండి నడుస్తున్నంతసేపూ ఆ పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. సన్నని చిల్లు పడితే పెట్రోలు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. ఉదయం పూట సెల్ఫు చాలాసేపు కొట్టవలసి రావడం, వంతెన ఎక్కేటప్పుడు బండి గుటకలు వేసినట్టు ఆగి ఆగి లాగడం, అద్దంలా లోపల కనబడే పెట్రోలు ఫిల్టరులో బుడగలు పరుగెత్తడం దాని గుర్తులు. కార్బురేటర్ శుభ్రం చేయించి, పంపు మార్పించి, ప్లగ్గులు కూడా మార్పించి, చివరికి పైపు దగ్గరికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. బండి ఆగాక ట్యాంకులో పెట్రోలు మట్టం చిల్లుకన్నా పైన ఉంటే అప్పుడు చుక్కలు పడతాయి. అందుకే ట్యాంకు నిండుగా ఉన్న రోజు వాసన ఎక్కువగానూ, అడుగంటిన రోజు తక్కువగానూ ఉంటుంది.

చూడవలసింది క్లిప్పుల కింద. రెండు క్లిప్పుల మధ్య పైపు నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే కనిపించవచ్చు. క్లిప్పును కాస్త జరిపి, ఎల్‌ఈడీ టార్చి వెలుగులో బొటనవేలి గోటితో మెల్లగా గీకి చూస్తే గోధుమరంగు పెచ్చు ఒకటి ఉల్లిపొరలాగా లేచి వస్తుంది. దాని కింద లోహం గుంటలు పడి, ఆ గుంటలో చెమట పట్టినట్టు తడి మెరుస్తుంది. మీరు చూస్తుండగానే ఆ తడి ఆరిపోయి మళ్ళీ పుడుతుంది. అది కనిపిస్తే ఇక స్క్రూడ్రైవర్‌తో పొడిచి పరీక్షించకండి. ట్యాంకులో పెట్రోలు ఉండగా పొడిస్తే చిల్లు మీ చేతుల్లోనే పెద్దదవుతుంది.

నేనూ మొదటిసారి పోయినంత మేర కోసేసి, రెండు వైపులా రబ్బరు హోసు ఎక్కించి, క్లిప్పులు బిగించి సరిపెట్టుకున్నాను. ఆ వర్షాకాలం గడిచిందో లేదో మరో జానెడు అవతల క్లిప్పు కింద కారడం మొదలైంది. పైగా నేను కోసిన చివరలకు హోసును జారకుండా ఆపే ఉబ్బు లేకపోవడంతో హోసు నెమ్మదిగా జారుతూ వచ్చి అంచు మీద నిలబడి ఉంది. ఇంకో వారం చూడకుండా వదిలేసి ఉంటే దారిలోనే ఊడిపోయేది. అప్పటి నుంచి నా మాట ఒక్కటే: ఒక క్లిప్పు కింద పోయిందంటే మిగతా క్లిప్పుల కింద కూడా పోతున్నట్టే లెక్క, ఈ చివర నుంచి ఆ చివర దాకా మార్చండి.

కావలసినవి

పైపు: రాగి, నికెల్ కలిసిన పైపు (90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్) దొరికితే అదే కొనండి. చేతితో వంగుతుంది, ఉప్పు గాలికి తుప్పు పట్టదు. దొరకకపోతే జింకు పూతో ప్లాస్టిక్ పూతో ఉన్న ఉక్కు పైపు తీసుకోండి. పాతదీ అదే జాతి కాబట్టి కొన్నేళ్ళు నిశ్చింతగా ఉండవచ్చు. ఏసీ మెకానిక్ వద్ద దొరికే మెత్తటి రాగి గొట్టం మాత్రం వద్దు. కదలికకు అది గట్టిపడి పగులుతుంది. అల్యూమినియం, పీవీసీ, చెరువు ఏరేటర్లకు వాడే గాలి గొట్టం ఏవీ పనికిరావు. చివరి మాట నవ్వులాటకు చెప్పలేదు, ఆ గొట్టం వేసిన బండిని నేను చూశాను.

కొలత: పెట్రోలు వెళ్ళే పైపు చాలా బండ్లలో బయటి వ్యాసం 8 మి.మీ., తిరిగి ట్యాంకుకు వచ్చే రిటర్ను పైపు 6 మి.మీ. ఉంటుంది; అయినా నా మాట మీద కొనకుండా వెర్నియర్‌తో మీ పైపును తుప్పు లేని చోట కొలవండి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. కాబట్టి 8తో సరిపోతుంది. 1/4 అంగుళం 6.35 మి.మీ.; అది 6కు బదులు కాదు, నట్టులో పట్టదు. పొడవును తాడు పరిచి కొలిచి, దాని మీద అర మీటరు ఎక్కువ తెచ్చుకోండి.

రబ్బరు హోసు: ఒంటి మీద ఎస్‌ఏఈ జె30 ఆర్7 లేదా ఆర్9 అని అచ్చు ఉండాలి. ఆర్9 ఖరీదు ఎక్కువ, కానీ ఇథనాల్‌ను బాగా తట్టుకుంటుంది కాబట్టి నేను అదే వేస్తాను. అచ్చు లేని నల్ల గొట్టం ఎంత మందంగా ఉన్నా వద్దు.

క్లిప్పులు: హోసు చుట్టూ సమంగా నొక్కే, లోపలి వైపు నున్నగా ఉన్న పట్టీ రకం తీసుకోండి. పళ్ళ కోసం చీలికలున్న రకం బిగించినకొద్దీ రబ్బరును కోస్తుంది. పైపును కారు అడుగుకు పట్టి ఉంచడానికి రబ్బరు పొర ఉన్న క్లిప్పులు వేరే కొనాలి.

పనిముట్లు: తిప్పుతూ కోసే చిన్న పైపు కట్టరు, చేతి బెండరు, డబుల్ ఫ్లేర్ వేసే (పైపు చివరను గరాటాలా విప్పి అంచును రెండు మడతలు చేసే) టూలు, సన్నని ఆకురాయి, ఫ్లేర్ నట్లను పట్టే కోత ఉన్న రింగు స్పానర్, తుప్పు వదిలించే స్ప్రే, జాకీ, 4 జాకీ స్టాండ్లు, మూత ఉన్న లోహపు పెట్రోలు క్యాను, చేతిపంపు, నైట్రైల్ గ్లవ్సులు, కళ్ళద్దాలు. కొత్త ఫిల్టరు ఒకటి. ఏబీసీ పొడి రకం అగ్నిమాపక సిలిండరు ఒకటి, బకెట్టు నిండా పొడి ఇసుక. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే మంట నీటితో పాటు పారుతుంది కాబట్టి ఆ సంగతి ఇంట్లోవారికి కూడా ముందే చెప్పి ఉంచండి.

ఫ్లేర్ టూలు గురించి ఒక హెచ్చరిక. ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ల వద్ద ఉండే టూలు సాధారణంగా ఒక్క మడతే వేస్తుంది. అది మెత్తటి రాగికి సరిపోతుంది గానీ ఉక్కు పైపు మీద వేస్తే అంచు చీలుతుంది. డబుల్ ఫ్లేర్ టూలు దొరకకపోతే, పైపును మీరు వంచుకుని, లారీల డీజిల్ పైపులు చేసే షాపుకు తీసుకెళ్ళి చివరలు మాత్రం వేయించుకు రండి. ఊళ్ళో లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో తప్పక దొరుకుతారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పని చేసే విధానం

1. చోటు, వేళ. ఉదయం పూట, నాలుగు వైపులా గాలి ఆడే చోట మొదలుపెట్టండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ పోయి పల్లంలో చేరుతుంది. అందుకే సర్వీసింగ్ గొయ్యిలో దిగి ఈ పని ఎన్నడూ చేయకండి. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకోగల ద్రవం ఇది, మన ఎండలో చెప్పనక్కరలేదు. వంటింటి గ్యాసు పొయ్యి, నీళ్ళ మోటారు స్టార్టరు, ఎవరి నోట్లోనైనా చుట్ట, ఇవన్నీ దూరంగా ఉండాలి. అందరూ మరిచేది ఒకటుంది: పని సాయంత్రం దాకా సాగితే తులసికోట దగ్గర దీపం పెట్టే వేళవుతుంది. ఆ రోజు పనిని దానికి ముందే ముగించి, పైపుల చివరలు మూసి లేవండి.

2. బ్యాటరీ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నెగటివ్ తీగను తీసి, మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టండి. ఈ అడుగు పెట్రోలు తీయడానికి ముందే జరగాలి. వైరుతో లాగే ట్రబుల్ లైటు బల్బు కింద పడి పగిలితే అదే నిప్పు. ఎల్‌ఈడీ టార్చి మాత్రమే వాడండి.

3. ట్యాంకు. ఈ పనికి ముందు బండిని తిప్పి పెట్రోలును అడుగంటించుకోండి. మిగిలినదాన్ని చేతిపంపుతో లోహపు క్యానులోకి తీయండి. క్యాను నేల మీదే ఉండాలి, గొట్టం చివర క్యాను మూతికి ఆనుతూ ఉండాలి. ప్లాస్టిక్ బకెట్టులోకి పారిస్తే పుట్టే స్థిర విద్యుత్తు ఒక్కటి చాలు, మంట అంటుకోవడానికి. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. ఊపిరితిత్తుల్లోకి నాలుగు చుక్కలు పోయినా ప్రాణం మీదికి వస్తుంది, ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఖాళీ అయిన ట్యాంకు నిండుదానికన్నా ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరే. మూత వెంటనే పెట్టేయండి.

4. బండిని ఎత్తడం. డెల్టా నేల మెత్తన. జాకీ స్టాండు కాళ్ళు ఒండ్రు మట్టిలో దిగిపోతాయి. సిమెంటు గచ్చు ఉంటే సరే. లేకపోతే ఒక్కో స్టాండు కింద 2 అంగుళాల మందమైన తుమ్మ చెక్కో టేకు చెక్కో వేయండి. కడప నాపరాయి వేయకండి, కాళ్ళు ఆనిన చోట చటుక్కున పగులుతుంది. ఇటుకలు, కొబ్బరి దుంగలు అసలే వద్దు. స్టాండ్ల మీద నిలబెట్టాక బండిని భుజంతో గట్టిగా నెట్టి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్ళండి.

5. పటం. ఏదీ విప్పకముందు పైపు దారి మొత్తాన్ని ఫోటోలు తీయండి. క్లిప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీయండి. ట్యాంకు నుంచి పెట్రోలు వెళ్ళేదానికి ఎర్ర దారం, తిరిగి వచ్చేదానికి తెల్ల దారం, ఆవిరి గొట్టం ఉంటే దానికి నల్ల దారం రెండు చివరలా కట్టండి. ఈ మూడూ ట్యాంకు దగ్గర పక్కపక్కనే ఉంటాయి, తుప్పు, బురద పట్టి ఒకేలా కనిపిస్తాయి. తారుమారు చేసి బిగించినవారి బండి కొన్నిసార్లు స్టార్టు కూడా అవుతుంది, తరవాత దారిలో ఆగుతుంది. రిటర్ను దారి మూసుకుపోతే కార్బురేటర్ పొంగి ఇంజిన్ మీద పెట్రోలు పడుతుంది.

6. విప్పడం. నట్లకు ముందు రోజు సాయంత్రమే స్ప్రే కొట్టి ఉంచితే మేలు. ట్యాంకు వైపు నట్టును విప్పేటప్పుడు ట్యాంకు మూతిని రెండో స్పానర్‌తో పట్టి ఉంచండి. లేకపోతే నట్టుతో పాటు మూతి మెలితిరిగి, పైపు పని కాస్తా ట్యాంకు పని అవుతుంది. నట్టు కదలకపోతే మంటతో వేడి చేసే ఆలోచన రానివ్వకండి. పైపును నట్టు దగ్గర కట్టరుతో కోసి, గుండ్రటి సాకెట్టుతో నట్టును విప్పండి. హాక్‌సా వాడితే నిప్పురవ్వా పుడుతుంది, రజనూ రాలుతుంది. తీసిన ప్రతి హోసు మూతిలో సరిపడే బోల్టు దూర్చి మూయండి. పాత పైపును వీలైనంత వరకు వంపులు చెడకుండా ఒకే ముక్కగా బయటికి తీయండి. తరవాత అచ్చుగా అదే పనికొస్తుంది.

7. వంచడం. పాత పైపు ముక్కలై వస్తే మందపాటి కట్టుడు తీగను కారు అడుగున అదే దారిలో పట్టి వంచి నమూనా చేసుకోండి. కొత్త పైపును ఆ నమూనా పక్కన నేల మీద పరిచి, ట్యాంకు వైపు నుంచి ఒక్కొక్క వంపూ వేస్తూ రండి. 8 మి.మీ. పైపుకు వంపు లోపలి అంచు 25 మి.మీ. వ్యాసార్ధానికి తగ్గకూడదు. ఎక్కడైనా నలిగిందంటే దాన్ని సరిచేయాలని చూడకండి, ఆ ముక్క తీసేయవలసిందే. మోకాలి మీద వంచితే పెద్ద వంపులు వస్తాయి గానీ చిన్నవి నలుగుతాయి. బెండరు లేని పక్షంలో పాత కప్పీ ఒకటి వైసులో బిగించి దాని గాడిలో వంచండి.

8. చివరలు. కోసిన అంచు లోపలి గరుకును తీసి, తలకిందులుగా పట్టి తట్టండి. నట్టు ఉన్న బండి అయితే చివరకు ఫ్లేర్ వేయకముందే నట్టును పైపు మీదికి ఎక్కించండి. ఈ ఒక్క మాట మరిచి అందంగా ఫ్లేర్ వేసుకుని, చేతిలో నట్టు పట్టుకుని నిలబడనివారు ఈ పనిలో లేరు. నేను రెండుసార్లు నిలబడ్డాను. హోసు ఎక్కే చివర అయితే డబుల్ ఫ్లేర్ టూలులో మొదటి అచ్చు మాత్రం నొక్కి ఆపండి. పైపు చివర గుండ్రంగా చిన్న ఉబ్బు వస్తుంది, హోసు జారకుండా పట్టేది అదే. వేసిన ప్రతి చివరనూ వెలుగులో తిప్పి చూడండి: అంచు సమంగా, మధ్యలో, వెంట్రుక వాసి చీలిక కూడా లేకుండా ఉండాలి.

9. గాలి పరీక్ష. బండికి ఎక్కించకముందే ఇది చేయండి. పైపు ఒక చివరను హోసు ముక్క, బోల్టు, క్లిప్పులతో మూసి, రెండో చివరకు హోసుతో పాత సైకిలు ట్యూబు వాల్వు బిగించి, కాలి పంపుతో 1 బారు, అంటే సుమారు 15 పీఎస్ఐ దాకా గాలి కొట్టండి. అంతకు మించి వద్దు. చివరలనూ వంపులనూ నీళ్ళ తొట్టిలో ముంచి, పంచరు షాపులో ట్యూబు చూసినట్టే చూడండి. తొట్టి చాలకపోతే సబ్బు నురగ రాయండి. పది నిమిషాలు బుడగ రాకపోతే పైపు గట్టిది. తరవాత మూత విప్పి, లోపల రజను, తడి పోయేదాకా కాలి పంపుతోనే గాలి పంపండి. పంచరు షాపు కంప్రెసరు గాలిలో మన ఉక్కపోతకు నీళ్ళు ఉంటాయి, ఆ గాలి లోపలికి కొట్టించకండి.

10. బిగించడం. పైపును దాని దారిలో పెట్టి, రెండు చివరల నట్లను ముందు చేతివేళ్ళతో ఎక్కించండి. మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. తిరగకపోతే మర తప్పుతోందని అర్థం. ఆ తరవాత మధ్య క్లిప్పులు, అన్నిటికన్నా చివర స్పానర్ బిగింపు. క్లిప్పులను 30 సెం.మీ.కు ఒకటి చొప్పున, కంపెనీ పెట్టిన పాత రంధ్రాల్లోనే పెట్టండి. సైలెన్సరు గొట్టానికి కనీసం నాలుగు వేళ్ళ దూరం ఉండాలి. హ్యాండ్‌బ్రేకు తీగ, సస్పెన్షన్ భాగాలు కదిలినప్పుడు పైపుకు తగలకూడదు. క్లిప్పులో పైపు కూర్చునే చోట కొద్దిగా గ్రీజు రాస్తే తడి నిలవదు, కానీ ఆ గ్రీజు రబ్బరు హోసు మీదికి పోనివ్వకండి. ఫ్లేర్ నట్టు మీద టెఫ్లాన్ టేపు చుట్టేవారున్నారు. అక్కడ మూసేది మర కాదు, ఫ్లేర్ వేసిన అంచు. టేపు పోగులు విడిపోయి ఫిల్టరులోకో కార్బురేటర్‌లోకో చేరతాయి.

11. హోసులు, ఫిల్టరు. హోసును పైపు మీదికి 25 నుంచి 30 మి.మీ. దాకా ఎక్కించి, క్లిప్పును ఉబ్బు దాటిన తరవాత, హోసు అంచుకు కాస్త ఇవతల బిగించండి. ఉబ్బు మీదే బిగిస్తే రబ్బరు కోసుకుపోతుంది. రబ్బరు క్లిప్పు పక్కల పొంగుకు వచ్చిందంటే బిగింపు ఎక్కువైనట్టు. ఫిల్టరు మీద బాణం గుర్తు పంపు వైపు చూడాలి.

ఫలితం సరిచూసుకోవడం

ముందుగా 3 లీటర్ల పెట్రోలు మాత్రం పోసి, పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోండి. బ్యాటరీ ఇంకా కలపకూడదు. ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి, చాక్‌పీసుల పొడి గానీ ఇంట్లో ఉన్న ముగ్గుపిండి గానీ పలచగా అద్దండి. పెట్రోలు చుక్క నేల మీద పడి కనబడేలోపే ఆవిరవుతుంది, కింద పరిచిన కాగితం చాలాసార్లు అబద్ధం చెబుతుంది. పిండి మీద మాత్రం కొద్దిపాటి తడి కూడా మచ్చలా కనబడుతుంది. మచ్చ లేకపోతే బ్యాటరీ కలిపి, సెల్ఫును ఐదేసి సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ కొట్టండి. ఖాళీ పైపు నిండడానికి కొంత సమయం పడుతుంది, ఒకేసారి పట్టి కొడితే సెల్ఫు మోటారు కాలుతుంది.

స్టార్టు అయ్యాక ఒకరు బానెట్ దగ్గర, ఒకరు ట్యాంకు దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి. ఫిల్టరులో మొదట బుడగలు వస్తాయి, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోవాలి. ఆగకపోతే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఏదో అతుకు గాలి పీలుస్తోంది. చుక్క పడకపోయినా ఆ పని పూర్తి కానట్టే. మళ్ళీ పిండి మచ్చలు చూసి, ట్యాంకు నింపి రాత్రంతా ఉంచి, ఉదయం తలుపు తెరవగానే వాసన చూడండి. సందేహం తీరాక పిండిని తడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి, అలాగే వదిలితే అదీ తేమను పట్టి ఉంచుతుంది.

100 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు కుదురుకుని క్లిప్పులు కొద్దిగా వదులవుతాయి, ఒకసారి బిగించండి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి సముద్రపు ఒడ్డుకు వెళ్ళివచ్చిన రోజు కారు పైభాగాన్ని కడిగే ముందు అడుగున మంచినీళ్ళు కొట్టండి. పాత తుప్పు మీద దట్టంగా తారు పూత వేయించడం మాత్రం మానండి. అది తడిని లోపల బంధించి, మీకు కనబడకుండా తినిపిస్తుంది. తీసిన పెట్రోలులో నీరు లేకపోతే వడకట్టి మళ్ళీ అదే బండికి వాడుకోవచ్చు. నీరు, తుప్పు కలిసినదాన్ని కాలువలోనూ మురుగు బోదెలోనూ పోయకండి, అవతల ఎవరి చేపల చెరువుకు చేరుతుందో చెప్పలేము. మూత బిగించిన క్యానులో షెడ్డుకు ఇచ్చేయండి.

తీసేసిన పాత పైపును వెంటనే పాతసామాను వాడికి వేయకండి. లోపల నీళ్ళు పోసి కడిగి, వారం రోజులు ఎండలో ఉంచి, వాసన పూర్తిగా పోయాక రెండు మూడు చోట్ల నిలువుగా చీల్చి చూడండి. తుప్పు పైనే ఉండి లోపల నున్నగా ఉంటే మీ పని అయినట్టే. లోపలి గోడ కూడా ఎర్రగా, గరుకుగా ఉంటే నీరు ట్యాంకు నుంచి వస్తోంది. ఈ నెలలోనే కొత్త ఫిల్టరును ఒకసారి విప్పి తెల్ల గిన్నెలో వంచి, ఎర్రటి మడ్డి కనిపిస్తే ట్యాంకు దించే ఏర్పాటు చేసుకోండి.